రెండు పూటల నీడ

కర్రనైనా మార్చి ఉండాలి, లేదా నీడ కొసదాకా పోకుండా మధ్యలోనే టేపు ఆపేసి ఉండాలి. లేకపోతే నిన్న పొద్దున యాభై ఎనిమిది అడుగులున్న కొబ్బరిచెట్టు మధ్యాహ్నానికి నలభై రెండు అడుగులెలా అవుతుంది? ఎండకి వాడి ముడుచుకుపోవడానికి అదేమైనా తోటకూర కాడా? అదీగాక, దడి మీంచి ఆ అంకె చెప్పేముందు భీమరాజు ఒక్క క్షణం ఆగాడు. ఆ ఆగడంలోనే ఉంది కిటుకంతా. నిజం చెప్పేవాడు ఎందుకాగుతాడు?

"చారు పోయమంటారా, అన్నంలో బొమ్మలు గీస్తూ కూర్చుంటారా?" అంది సీతారామలక్ష్మి.

జోగేశ్వరరావు ఉలిక్కిపడి కంచంలోకి చూసుకున్నాడు. పప్పన్నం మీద వేలితో నిజంగానే ఒక నిలువు గీత, దాని కాళ్ల దగ్గర్నుంచి ఇంకో అడ్డగీత గీసి ఉన్నాయి. వాటిని చెరిపేసి అన్నం దగ్గరికి జరిపాడు. భార్య చారు పోస్తుంటే ఆమె ముఖం వంక చూశాడు. ఈవిడ మాత్రం నిన్న సాయంత్రం దడి పక్కన నిలబడి భీమరాజు భార్యతో అంతసేపు ఏం మాట్లాడినట్టు?

"రత్నమాణిక్యంగారు ఏమన్నారు నిన్న?"

"ఆవకాయకి కాయలెప్పుడు తెప్పిస్తారని అడిగారు."

"అంతేనా?"

"అంతేనండి. ఆవిడకీ నాకూ మధ్య చెట్ల లెక్కలేం లేవు. ఆ లెక్కలు మీ మగాళ్లవి."

ఊపిరి తీయకుండా చెప్పింది. అయితే నిజమే అయి ఉంటుంది.

ఊళ్లో అందరూ జోగేశ్వరరావుని ఆపరేటరుగారనే పిలుస్తారు. అమలాపురానికి కాస్త దూరంలో ఉన్న ఈ ఊరి టెలిఫోను ఎక్స్ఛేంజిలో అతను ట్రంకు బోర్డు ముందు సగం జీవితం కూర్చున్నాడు. లైను కలిపాక హెడ్‌సెట్టు తీసి పక్కన పెట్టాలన్నది రూలు. లైను తెగిందేమో చూసుకోవడానికి మధ్యమధ్య వినాలన్నది కూడా రూలే. ఆ రెండు రూళ్ల సందులోంచి అతను మనుషుల్ని నేర్చుకున్నాడు. ఊళ్లో మీసం మెలేసి తిరిగేవాడు హైదరాబాదు లైనులో ఎలా బతిమాలుకుంటాడో, ఒంట్లో బాగాలేదని చెప్పే మనిషి వెనక ఎవరు నవ్వుతుంటారో అతనికి తెలుసు. అన్నిటికంటే పెద్ద సంగతి, అబద్ధానికి ముందు మనిషి చిన్న ఊపిరి తీస్తాడు, నీళ్లలో మునగబోయేవాడిలాగ. ఈ సంగతి ఎవరూ అతనికి చెప్పలేదు. తనే కనిపెట్టాడు, కనిపెట్టాక మరిచిపోలేకపోయాడు.

ఇప్పుడు ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజి వచ్చేసింది. ఎవరి అబద్ధాలు వాళ్లే నేరుగా కలుపుకుంటున్నారు. అతన్ని కంప్లైంట్ల కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. బోర్డు పోయింది గాని చెవులు ఎక్కడికి పోతాయి? కూరలమ్మే మనిషి ధర చెప్పేముందు వింటాడు. కూతురు "బాగానే ఉన్నాను నాన్నా" అనేముందు వింటాడు. రాత్రిపూట పక్క మీద పడుకుని, పగలు తాను మాట్లాడిన మాటల్ని కూడా ఒక్కొక్కటీ వెనక్కి తిప్పుకుని వింటాడు.

కూతురు ఉమాశ్రీ పురిటికి వచ్చింది. తొలిచూలు. నెలలు నిండాయి. స్నానాలగది పక్కనే ఉంటుందని, గాలి బాగా ఆడుతుందని తూర్పు గదిలో మంచం వేశారు. ఆ గదికి తూర్పున దొడ్డి, దొడ్డి చివర దడి, దడి అవతల భీమరాజు గారి కొబ్బరిచెట్టు. అసలు గొడవంతా అక్కడే ఉంది.

కిందటేడు దీపావళి ముందు వచ్చిన తుఫానుకి కోనసీమలో చెట్టన్నది పడడమో ఒరగడమో చెయ్యకుండా ఉండలేదు. భీమరాజు తోటలో సగానికి పైగా నేలమట్టమైంది. ఇంటి దొడ్లో ఉన్న కొబ్బరిచెట్లలో ఇదొక్కటే మిగిలింది. మిగిలిందన్న మాటే గాని దాని మొదలు కదిలింది. ఆ సంగతి మొదట చెప్పినవాడు దింపులు తీసే అప్పాజీ. కాయలు దింపడానికి వచ్చి, చెట్టు మీద చెయ్యి వేసి, ఒకసారి ఊపి చూసి, తాడు భుజాన వేసుకుని వెనక్కి తిరిగాడు.

"నేనెక్కనండి బాబూ. కాయలు దింపుదావని నేనెక్కితే అది నన్నే దింపేద్ది," అన్నాడట.

ఆ మాట విన్న రోజునుంచి జోగేశ్వరరావు తూర్పు గది పెంకుల్ని రోజుకి పదిసార్లు చూసుకోవడం మొదలుపెట్టాడు. ఆ పెంకుల కింద మంచం, మంచం మీద ఉమ, ఆమె కడుపులో ఇంకొకరు. ఉగాదికి ముందు ఒకరోజు దడి దగ్గర నిలబడి, చెట్టు కొట్టించెయ్యమని భీమరాజుని అడిగాడు.

"కాపు చెట్టండి," అన్నాడు భీమరాజు. ఆయన పెద్ద మనిషి, పెద్ద గొంతు. "తోటంతా పోయింది. ఉన్న ఒక్కదాన్నీ మీకు భయమేస్తోందని నరికెయ్యనా? అది పడినా మీ ఇంటిదాకా రాదు."

"వస్తుంది."

"రాదండి."

మాటా మాటా పెరిగింది. చివరికి భీమరాజు దడి కర్ర మీద అరచేత్తో కొట్టి అన్నాడు: "సరే, కొలుద్దాం. చెట్టు పొడుగు మీ గోడదాకా వస్తే కొట్టించేస్తాను. రాకపోతే మాత్రం ఆపరేటరుగారూ, ఇంక దాని జోలికి రాకూడదు. ఆయ్, ఇదే మాట."

చెట్టు మొదలు నుంచి దడిదాకా భీమరాజు కొలిచాడు, దడి నుంచి గోడదాకా జోగేశ్వరరావు కొలిచాడు. రెండూ కలిపితే నలభై ఎనిమిది అడుగులు. పొడుగు కొలవడమే ఎలా? అప్పాజీ ఎక్కి పైనుంచి తాడు వదిలితే పని తేలిపోయేది, కాని అతను ఎక్కడు. అప్పుడు జోగేశ్వరరావుకి బడిలో చెప్పిన నీడ లెక్క గుర్తొచ్చింది. ఎండలో ఒక కర్ర నిలబెట్టాలి. కర్ర నీడ కర్రలో సగమయ్యేదాకా ఆగాలి. ఆ క్షణంలో చెట్టు నీడ కూడా చెట్టులో సగమే ఉంటుంది. దాన్ని కొలిచి రెట్టింపు చేస్తే పొడుగు. ఆ క్షణం రోజుకి రెండుసార్లు వస్తుంది. పొద్దున ఎండ ముదిరే వేళకి ఒకసారి, అప్పుడు నీడ పడమటికి, జోగేశ్వరరావు దొడ్లో పడుతుంది. భోజనాలయ్యాక ఒకసారి, అప్పుడు తూర్పుకి, భీమరాజు దొడ్లో పడుతుంది. ఒకరి దొడ్లోకి ఒకరు అడుగుపెట్టేటంత మంచి మాటలు అప్పటికే మిగల్లేదు గనక, ఎవరి వైపు నీడను వాళ్లు కొలుచుకున్నారు. పొద్దుటి నీడ జోగేశ్వరరావుది, మధ్యాహ్నపు నీడ భీమరాజుది.

మొదటిసారి జోగేశ్వరరావుకి యాభై నాలుగు వచ్చింది. భీమరాజుకి నలభై ఆరు. ఒక కొలత ప్రకారం చెట్టు ఇంటి మీద పడుతుంది, ఇంకో కొలత ప్రకారం దొడ్లోనే ఆగిపోతుంది. నీదే తప్పంటే నీదే తప్పని నెలరోజులు గడిపి, నిన్న మళ్లీ కొలిచారు. జోగేశ్వరరావుకి యాభై ఎనిమిది. భీమరాజుకి నలభై రెండు.

"ఏంటండి ఆపరేటరుగారూ," అన్నాడు భీమరాజు దడి అవతల్నుంచి, "మీ కొలత మీ డిపార్టుమెంటు బిల్లులాగా నెలనెలా పెరిగిపోతోందే?"

"మీ కొలత మాత్రం తరిగిపోతోంది రాజుగారూ. ఇంకో రెండు నెలలకి వంకాయ మొక్క అవుతుంది."

నవ్వలేదు ఇద్దరూ.

చెయ్యి కడుక్కుని జోగేశ్వరరావు అరుగు మీద కూర్చున్నాడు. ఆఫీసుకి సెలవు పెట్టేశాడు. ఈ పొద్దున మళ్లీ కొలిచాడు. ఇరవై తొమ్మిది అడుగుల నీడ, యాభై ఎనిమిది అడుగుల చెట్టు, వెంట్రుకవాసి తేడా లేదు. అనుమానం ఒక్కటే చోట నిలబడదు, అది కూడా నీడలాగే తిరుగుతూ ఉంటుంది. రాత్రిపూట భీమరాజు మోటారు చప్పుడు ఎందుకు వినిపిస్తోంది? చెట్టు మొదట్లో నీళ్లు పెడుతున్నాడు. తుఫానుకి కదిలిన చెట్టుకి రోజూ నీళ్లు పెడితే ఏమవుతుంది? మన్ను బురదవుతుంది, మొదలు ఇంకా వదులవుతుంది. అంటే? కావాలనే చేస్తున్నాడా? ఇంత మాట అనుకోగానే అతనికి తనమీద తనకే వెగటు పుట్టింది. కాని ఆ వెగటు వెనకనే ఇంకో మాట వచ్చింది. అప్పాజీ ఎక్కనన్నాడు సరే, ఎక్కొద్దని ఎవరైనా చెప్పారేమో? ఆపైన ఇంకొకటి. అసలు తాను మాత్రం టేపు సరిగ్గా పట్టుకున్నాడా? చెట్టు ఇంటి మీద పడుతుందేమోనన్న భయం ముదిరి, పడుతుందని నిరూపించాలన్న ఆశగా మారి, ఆ ఆశే తన వేళ్లను నాలుగంగుళాలు ముందుకి జరుపుతోందేమో?

తేల్చుకోవాలి. భీమరాజు కూడా ఇవాళ మళ్లీ కొలుస్తానన్నాడు. ఎలా కొలుస్తాడో కళ్లారా చూడాలి.

దొడ్లోకి నడిచి దడి పక్కనున్న గోరింట పొద వెనక నిలబడ్డాడు. తుఫాను నాటి నుంచి దడి తాటాకులు అక్కడక్కడ ఊడిపోయి ఉన్నాయి. ఒక కంతలోంచి అవతలి దొడ్డి కనిపిస్తోంది.

"నాన్నా, ఏం చేస్తున్నావక్కడ?" తూర్పు గది కిటికీలోంచి ఉమ గొంతు.

జోగేశ్వరరావు పెదాల మీద వేలు పెట్టుకున్నాడు.

"గోరింటాకు కోస్తున్నావా? నాకోసమా?" ఆమె నవ్వు ఆపుకుంటోంది. "అంత ఎండలో నిలబడకు నాన్నా. చూసేవాళ్లు దొంగనుకుంటారు."

"నువ్వు పడుకో తల్లీ."

కూతురు కిటికీలోంచి కదల్లేదు. కడుపు మీద చెయ్యి పెట్టుకుని నిలబడి అతన్నే చూస్తోంది. చిన్నప్పుడు కూడా ఇలాగే చూసేది, తాను రాత్రి లేచి వీధి గడియ మళ్లీ మళ్లీ లాగి చూసుకుంటుంటే. అతను ముఖం తిప్పుకుని కంతలోకి వంగాడు.

భీమరాజు కర్ర నాటుతున్నాడు. నిటారుగా ఉందో లేదో చూసుకోవడానికి దారానికి ఒక ఇనప బోల్టు కట్టి కర్ర పక్కన వేలాడదీసి, నాలుగు వైపులా తిరిగి చూశాడు. కర్రని కాస్త సవరించి మళ్లీ చూశాడు. తాను కూడా ఇంత శ్రద్ధగా చెయ్యలేదే అనుకున్నాడు జోగేశ్వరరావు. వెంటనే, ఎవరో చూస్తున్నారని తెలిసే చేస్తున్నాడా అనుకున్నాడు. రత్నమాణిక్యం టేపు కొస పట్టుకుని చెట్టు మొదట్లో కూర్చుని ఉంది.

"సరిగ్గా ఆనించావా?"

"ఆనించానండి. ఎన్నిసార్లు అడుగుతారు?"

"తియ్యకు మరి. కర్ర నీడ సగానికి వస్తోంది... వచ్చింది." భీమరాజు టేపు లాక్కుంటూ వంగి వంగి నడిచాడు. చెట్టు తల నీడ నేలమీద పెద్ద సాలెపురుగులా పడి ఉంది. దాని నడిమధ్యన టేపు ఆనించి, కళ్లజోడు పైకి తోసి చదివాడు. "ఇరవై ఒకటి."

"నిన్నా అంతేగా."

"నిన్నా అంతే. నెల కిందట ఇరవై మూడు. నాకేం బోధపడ్డం లేదే. చెట్టు భూమిలోకి దిగిపోతోందంటావా?"

"ఆ మాట బయటెక్కడా అనకండి. నవ్వుతారు."

భీమరాజు నేలమీద చతికిలబడ్డాడు. కండువాతో మెడ తుడుచుకున్నాడు. "పోనీ ఓ పని చేద్దావా? ఓ నాలుగడుగులు కలిపి చెప్పేద్దాం. నలభై ఆరనేద్దాం. పోయినసారి మాటే కాబట్టి ఆపరేటరుగారు కాస్త తగ్గుతారు."

"అబద్ధం చెప్తారా?"

"నిజం చెప్తే నమ్మట్లేదు కదే! ఆ మనిషి నా మొహంలోకి కాదు, నా గొంతులోకి చూస్తాడు. నిన్న చెప్పేముందు నాకే భయమేసి ఆగిపోయాను. ఇదేం ఖర్మ, నా దొడ్లో నీడ కొలిచి చెప్పడానికి నాకు భయమేంటి?"

జోగేశ్వరరావు కంత దగ్గర్నుంచి కళ్లు తీశాడు. ఆ గొంతులో ఎక్కడా మునగబోయేవాడి ఊపిరి లేదు. ట్రంకు బోర్డు ముందు ఇలాంటి గొంతు వినిపిస్తే అతను హెడ్‌సెట్టు తీసి పక్కన పెట్టేసేవాడు. వినడానికి ఏమీ ఉండేది కాదు.

నెలరోజులుగా అతని మనసంతా ఒక్క మాట మీద కట్టుకుని ఉంది: ఇద్దరిలో ఒకడు అబద్ధమాడుతున్నాడు. ఆ ఒకడు భీమరాజు కాడు. తానూ కాడు, పొద్దున మూడుసార్లు కొలిచాడు, ఆశ వేళ్లను జరిపినా మూడుసార్లూ ఒకే చోటికి జరపదు. అనుమానించడానికి ఎవరూ మిగలకపోతే ఏం చెయ్యాలో అతనికి తెలియదు. గోరింట ఆకు ఒకటి తుంచి నలుపుతూ నిలబడ్డాడు.

రెండూ నిజమే అయితే?

ఇరవై తొమ్మిది, ఇరవై ఒకటి. కలిపితే యాభై. నెల కిందట ఇరవై ఏడు, ఇరవై మూడు. కలిపితే అదీ యాభయ్యే. తన వైపు ఎంత పెరిగిందో అవతలి వైపు అంతే తరిగింది. చెట్టు పెరగలేదు, తరగలేదు. మరి కదిలిందేమిటి? తల. తల పడమటికి వాలితే, వాలినంత మేరా పొద్దుటి నీడకి కలుస్తుంది, మధ్యాహ్నపు నీడలోంచి తీసివేత అవుతుంది. కర్ర నిటారుగా ఉంది, చెట్టు లేదు. ఇంత చిన్న సంగతి ఇద్దరికీ ఎందుకు తట్టలేదు? ఈ సీమలో పుట్టినవాడెవడూ వంకర లేని కొబ్బరిచెట్టు చూసి ఉండడు. అందుకే వంకర ఎవరికీ కంటికి ఆనదు. పైగా అతని ఇంట్లోంచి చూస్తే చెట్టు అతని వైపే వాలి ఉంటుంది, భీమరాజు ఇంట్లోంచి చూస్తే అటుగా వాలి ఉంటుంది. మన ముందుకి వంగిన మనిషి, మనకి ఎదురుగా నిలబడి ఉన్నంతకాలం, తిన్నగానే కనిపిస్తాడు.

నెల కిందట రెండడుగులు వాలి ఉంది. ఇప్పుడు నాలుగు.

అతను తూర్పు గది కిటికీ వైపు చూశాడు. ఉమ ఇంకా అక్కడే ఉంది. అతను ఇంట్లోంచి వీధిలోకి గబగబా నడిచాడు. వీధి మలుపులో ఆగి వెనక్కి తిరిగాడు. ఇక్కడ్నుంచి రెండు ఇళ్లూ పక్కపక్కన, వాటి మధ్య చెట్టు పక్కనుంచి కనిపిస్తున్నాయి. తుఫాను తరవాత కొత్తగా పాతిన కరెంటు స్తంభం దాని పక్కనే నిలువుగా ఉంది. మొదట్లో రెండూ దగ్గరగానే ఉన్నాయి. పైకి పోయేకొద్దీ వాటి మధ్య ఆకాశం వెడల్పవుతోంది. చెట్టు తన ఇంటి పెంకుల వైపు తల వంచి, ఎవరి మాటో వినడానికి అన్నట్టు ఆగిపోయి ఉంది.

భీమరాజు గేటు తోసుకుని అతను లోపలికి వచ్చేసరికి రత్నమాణిక్యం పమిట సర్దుకుంటూ లేచింది.

"రండి ఆపరేటరుగారూ," అన్నాడు భీమరాజు, కూర్చున్నచోటి నుంచి లేవకుండానే. "ఎన్నాళ్లకి! కొలత తనిఖీకి వచ్చారేంటి?"

"తనిఖీ అయిపోయింది రాజుగారూ. గోరింట పొద వెనక నుంచి చూశాను."

భీమరాజు ముఖం ఎర్రబడింది. "దొంగచాటుగానా?"

"అవును. మీ ఇరవై ఒకటి నిజమే. నా ఇరవై తొమ్మిదీ నిజమే. చెట్టు యాభై అడుగులు, అది పడమటికి ఒరిగిపోతోంది. నెలలో రెండడుగులు ఒరిగింది."

"ఇదేదో కొత్త కనెక్షన్ ఇచ్చేముందు చెప్పే మాటల్లాగా ఉంది." భీమరాజు కళ్లు చికిలించాడు. "నలభై రెండు యాభై ఎలా అయిందండి మధ్యలో? మీకు కావలసిన చోటికి తెచ్చి ఆపారు."

ఎదుటివాడు తన గొంతులోకి చూస్తున్నాడని జోగేశ్వరరావుకి అర్థమైంది. ఆ చూపు ఎలా ఉంటుందో అంతకు ముందు అతనికి తెలియదు. ఏం చెప్పినా అబద్ధంలాగే వినిపిస్తుందనిపించింది.

"నా మాట నమ్మక్కర్లేదు. ఒక్కసారి వీధిలోకి రండి."

భీమరాజు వచ్చాడు. మలుపులో స్తంభం పక్కగా చెట్టుని చూశాడు. చాలాసేపు చూశాడు. ఒకసారి తల పక్కకి వంచి చూశాడు, మళ్లీ నిటారుగా పెట్టి చూశాడు. తరవాత దొడ్లోకి నడిచి, చెట్టు మొదట్లో తూర్పు వైపు మోకాళ్ల మీద కూర్చుని చేత్తో మట్టి తోశాడు. మట్టి కింద అరచెయ్యి పట్టేంత నెర్రె ఉంది.

"ఇది చూస్తూనే ఉన్నాను," అన్నాడు తగ్గిన గొంతుతో. "నీళ్లు చాలక నేల నెర్రె విచ్చిందనుకున్నాను. రోజూ మట్టి పూడుస్తున్నాను, నీళ్లు పెడుతున్నాను. తెల్లారేసరికి మళ్లీ విచ్చుకుంటోంది. బతికించుకుందావనే అండి."

"నేను ఇంకోలా అనుకున్నాను."

"ఎలా?"

"మొదలు వదులవ్వాలని పెడుతున్నారనుకున్నాను."

రత్నమాణిక్యం చటుక్కున తల ఎత్తింది. భీమరాజు అతని వంక చూసి, మళ్లీ నెర్రెలోకి చూసుకున్నాడు. "చుట్టమయితే తిట్టేవాణ్ణి," అన్నాడు చివరికి. "యాభయ్యా?"

"యాభై."

"గోడ నలభై ఎనిమిది."

"అవును."

భీమరాజు చెట్టుని పట్టుకుని లేచాడు. చెయ్యి తియ్యలేదు. "కబురు పెడతాను. అప్పాజీనీ ఇంకో నలుగుర్నీ పిలిచి, తాళ్లు కట్టి తూర్పుకి పడేట్టు కొట్టిస్తాను. రేపు పొద్దున్నే."

"రేపు శుక్రవారం," అంది రత్నమాణిక్యం. "శుక్రవారం కాపు చెట్టు మీద కత్తి పెట్టనివ్వను. ఎల్లుండి చూసుకోండి."

అప్పుడు మళ్లీ లేచింది జోగేశ్వరరావులో అనుమానం. శుక్రవారమట. రేపు శుక్రవారమంటారు, ఎల్లుండికి అప్పాజీ ఊళ్లో లేడంటారు, ఆపైన అమావాస్యంటారు. ముందే అనుకున్న మాటలేనా ఇవి? భార్యాభర్తలిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారా ఇప్పుడు? అతను చెవులు రిక్కించాడు. రత్నమాణిక్యం చెట్టు మొదట్లో చెయ్యి పెట్టి, ఆ చేతిని కళ్లకద్దుకుంటోంది. అంతకు మించి ఏమీ వినిపించలేదు.

"ఎల్లుండిదాకా ఆగుతుందంటారా?" అన్నాడు.

"ఆపుదాం," అన్నాడు భీమరాజు. "మోకు ఉంది. మామిడిచెట్టుకి లాగి కడదాం."

జోగేశ్వరరావు దడి దగ్గరికి వెళ్లి భార్యని కేకేశాడు. ఉమ మంచం వీధి గదిలోకి మార్చమని చెప్పాడు. ఎందుకని అడిగింది. చెప్పాడు. అవతల మంచం కోళ్లు నేలమీద ఈడ్చిన చప్పుడు వినిపించింది. వీధి గది కూడా ఆ కప్పు కిందిదే కదా అనుకున్నాడు.

భీమరాజు కొబ్బరిపీచు మోకు తెచ్చాడు. దాని కొసకి జారుముడి వేసి, చెట్టు చుట్టూ తిప్పి, ఇద్దరూ చెరో వైపు నిలబడి రెండు వెదురు గెడలతో ఆ ముడిని పైపైకి నెట్టారు. ఒకడు ఎక్కువ నెడితే ముడి పక్కకి జారిపోతోంది. "మీరాగండి... ఇప్పుడు మీరు... ఆఁ, ఇద్దరం," అంటూ గెడలు అందినంత ఎత్తుకి చేర్చారు. మోకు రెండో కొసని తూర్పున ఉన్న మామిడిచెట్టు మొదలుకి తిప్పి జోగేశ్వరరావు పట్టుకుని లాగాడు. కాళ్లు నేలలో తన్నిపెట్టి, వెనక్కి వాలి లాగాడు. మోకు బిగుసుకుని సన్నగా కిర్రుమంది. చెట్టు బరువు ఆ పీచులోంచి అతని అరచేతుల్లోకి వచ్చింది. నిజంగానే అటు లాగుతోంది అది. ఇన్నాళ్లూ అనుకుంటూ వచ్చింది ఇప్పుడు చేతికి తెలిసింది.

"అలాగే పట్టుకోండి. ముడి వేస్తాను," అని భీమరాజు మామిడిచెట్టు వెనక వంగాడు. ఆయన వీపు అడ్డొచ్చింది. చేతులేం చేస్తున్నాయో కనిపించడం లేదు. మోకు చివర ఆయన మూలుగుతూ ఏదో తిప్పుతున్నాడు, లాగుతున్నాడు, మళ్లీ తిప్పుతున్నాడు.

"పడింది. వదిలెయ్యండి."

జోగేశ్వరరావు వదల్లేదు.

"వదిలెయ్యండి ఆపరేటరుగారూ. రెండు మెలికలు వేశాను."

మోకు ఒరుసుకుని అరచేతులు మండుతున్నాయి. వెళ్లి ముడి చూడాలంటే ముందు చేతిలోది వదలాలి. వదలాలంటే ముందు ముడి చూడాలి. ఏ ముడి వేశాడు? తడిస్తే బిగిసేదా, జారేదా? చిరాకులో వేశాడా? ఇందాక తాను అన్న మాట ఆయన మనసులో ఇంకా ఉందా? దడి అవతల నుంచి ఉమ నవ్వు వినిపిస్తోంది, మంచం గుమ్మంలో ఇరుక్కుందని తల్లితో ఏదో అంటోంది. భీమరాజు వంగినవాడు వంగినట్టే ఉండి, తల మాత్రం తిప్పి అతని వంక చూస్తున్నాడు. ముఖమంతా చెమట.

జోగేశ్వరరావుకి ఒక చిన్న ఊపిరి వినిపించింది. అది తనదే.

వేళ్లు ఒక్కొక్కటే విప్పి మోకు వదిలేశాడు.